ఓబులేసులు ముగ్గురు, జేజి ఒక్కతే

పోయిన నెల దిగువ అహోబిలానికి పోయొచ్చినాను. దేవుని కోసం పోలేదు, ఆ మాట దాచేదేముంది. నాకు పాఠం చెప్పిన వరదాచారి స్వామి కాలం చేసినాడని నాకు తెలిసేసరికి పదమూడో దినం కూడా దాటిపోయింది. నేనుండేది నంద్యాలలో, పొద్దున బస్సెక్కి పోతే సాయంత్రానికి తిరిగి ఇల్లు చేరే దూరం. నాకెవరూ చెప్పలేదని వాళ్ళ మీద కోపం, ఇన్నేండ్లలో బాగున్నావా స్వామీ అని ఒక ఫోను చెయ్యకపోయినందుకు నా మీద అంతకు రెండింతల కోపం. ఆ కోపంతోనే ఆళ్లగడ్డలో బస్సు మారి పోయినాను. ఇల్లు మారలేదు. అదే పొట్టి వాకిలి, అదే నీలం రంగు తలుపు. స్వామి భార్య, మేము అమ్మగారు అనేవాళ్ళం, వసారాలో గోనెపట్ట మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తాంది. ఆ పులుపు వాసన తగిలేసరికి స్వామి అంగడి, ఆయన పులిహోర జ్ఞాపకమొచ్చినాయి. నేను జావా అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నది ఆ వాసనలోనే.

అమ్మగారు నన్ను కూర్చోమని చెప్పి లోపలికి పోయి ఒక పొడుగు నోటు పుస్తకం తెచ్చింది. అట్ట మీద పసుపు మరకలు, అంచులు నూనె తాగి మెత్తబడినాయి. "బీరువా సర్దుతాంటే కనపడింది. నేను చదివితే నాకొక ముక్క అర్థం కాలే. కానీ ప్రతి కాయితం మీదా అమ్మాయి, అమ్మాయి అని రాసినాడు. మాకు ఆడపిల్లలు లేరు గదా, ఎవురబ్బా ఈ అమ్మాయి అని ఆలోచన చేస్తే నువ్వు జ్ఞాపకమొస్తివి. తీసుకుపో," అనింది. నేను తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నా ముందర తెరవద్దు. నువ్వేడిస్తే నేనేడుస్తా. నీకు బస్సు తప్పిపోతాది." సరేనని సంచిలో పెట్టుకున్నాను.

అది ఏ పుస్తకమో చెప్పాలంటే అప్పుడు నేనెవరో చెప్పాల. ఆళ్లగడ్డలో కోయిలకుంట్ల రోడ్డు పక్కన మా ఇల్లు. నాయన ఓబుల్‌రెడ్డి నల్లరేగడి చేనులో శనగ వేసే మనిషి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, ఇల్లు నడిపేది జేజి, నాయనకు తల్లి. జేజి అందరికంటే ముందు లేచి, వాకిట్లో కల్లాపి చల్లి, పెరట్లో మూడు రాళ్ళ మీద నీళ్ళ అండా పెట్టి కింద పత్తికట్టె మంట వేసేది. ఆ పొగ ఇల్లంతా తిరిగి, దండెం మీది నా చీరలకు పట్టి, నాతో పాటు నంద్యాల దాకా వచ్చేది. పొద్దున్నే ఉగ్గాని, లేదంటే మిగిలిన జొన్నరొట్టె మీద చెనిక్కాయల పొడి. నాయన అరుగు మీద కూర్చుని పేపరును ఆఖరి పేజీ నుంచి ముందుకు చదివేవాడు. సరే అనే మాట ఆయన నోట నేను విన్నది లేదు. వద్దు అనడం ఆపేసినాడంటే అదే సరే అని మేము అర్థం చేసుకోవాల.

ఇంకో సంగతి కూడా చెప్పాల. మాది నరసింహస్వామి సీమ, అహోబిలేశుడే మా నోట ఓబులేసు. ప్రతి ఇంట్లోనూ ఓబులేసు పేరు ఒకటికి రెండుంటాయి. మా ఇంట్లో మూడు: నాయన, చిన్నాయన, మా తమ్ముడు. జేజి పెరట్లో నుంచి "ఓబులేసా" అని పిలిచిందంటే ముగ్గురూ పలుకుతారు, ఒకడూ రాడు. నా పేరు ఓబులమ్మ. చదువుకునేటప్పుడు హాజరు పిలుస్తాంటే ఆ పేరుకు సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు ఆ సిగ్గును తల్చుకుంటే సిగ్గేస్తాది.

లెక్కల్లో ఎమ్మెస్సీ అయినాక నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో నాకు ఉద్యోగమొచ్చింది. ఆడపిల్ల రోజూ బస్సులో పోయి వచ్చేదేందని నాయన నెల దినాలు గొణిగినాడు. జేజి ఒకటే మాట మీద నిలబడింది. "దానికి చదువు చెప్పిచ్చింది నువ్వే గదా, ఇప్పుడు అటక మీద పెట్టమంటావా?" ఆఖరుకు నాయన పేపరు మడిచి నా దిక్కు చూసి అన్నాడు, "పోతే పో. వాళ్ళు నీకు చేతగాదని పంపిచ్చేసినారంటే మటుకు మల్ల ఉద్యోగమని గడప దాటొద్దు." నాయన మాట అంటే రాతి మీద గీత. ఆ గడప నాకు ఒక్కసారే తెరుచుకుంటాదని అప్పుడే నాకు తెలుసు. పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని శిరివెళ్ళ దాటినాక, నేను ఎవరి కూతురినీ ఎవరి మనవరాలినీ కాకుండా ఒక గంట సేపు నా మటుకు నేనుండేదాన్ని. ఆ గంట పోగొట్టుకునేదానికి నాకు మనసొప్పలేదు.

చేరి పదిహేను దినాలు కూడా కాలేదు, కాలేజీలో కంప్యూటర్ చెప్పే సారు హైదరాబాదులో ఉద్యోగమొచ్చిందని మధ్యలో వదిలేసి పోయినాడు. ప్రిన్సిపల్ సారు నన్ను పిలిపించినాడు. "అమ్మా, నువ్వు లెక్కల మనిషివి. జావా కూడా లెక్కల మాదిరే ఉంటాదంట. సోమవారం నుంచి సెకండియర్ పిల్లోళ్ళకు నువ్వే చెప్పాల." కంప్యూటర్ మీద వేలు పెట్టి నాలుగు అక్షరాలు కొట్టిందే లేదు సార్ అన్నాను. "గుడ్డి కన్నా మెల్ల మేలమ్మా," అన్నాడాయన. నన్ను మెల్లకన్ను అన్నందుకు కోపం తెచ్చుకోవాల్నో, గుడ్డి అననందుకు సంతోషించాల్నో తెలీక పుస్తకం తీసుకోని బయటికొచ్చినాను. తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్లయింది నా పని. ఇంట్లో చెబితే నాయన ఆ పొద్దే గడప మూసేస్తాడు. కాబట్టి ఇంట్లో జేజికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

జావా వచ్చిన మనుషులు ఎవరన్నా ఉన్నారా అని, ఎందుకో మటుకు చెప్పకుండా, ఆళ్లగడ్డ అంతా అడిగినాను. అందరూ ఒకే దిక్కు చూపించినారు, బస్టాండు ఎదురుగా వరదాచారి స్వామి అంగడి. సందులాంటి గది. పెండ్లి పత్రికలు, రైతుల అర్జీలు కంప్యూటర్‌లో కొట్టి అచ్చు తీసి ఇచ్చేవాడు. స్వామి అహోబిలం అర్చకుల ఇంటి మనిషి. గుడిలో తన వంతు వచ్చినప్పుడు పూజ, లేనప్పుడు పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డకు వచ్చి అంగడి. యాభై ఏండ్లుంటాయి, నుదుట నామం, ముక్కు మీద నిలవని కండ్లద్దాలు, కీబోర్డు మీద రెండే వేళ్ళు. గదిలో కర్పూరం వాసన, వేడెక్కిన ప్రింటర్ వాసన, మధ్యాహ్నానికి తెచ్చుకున్న పులిహోర వాసన కలిసిపోయి ఉండేవి.

"స్వామీ, మీకు జావా వస్తాదా?" అని అడిగినాను. ఆయన చేతిలో ఉన్న పత్రికల కట్టకు పురికొస చుట్టి, ముడి వేసి, అప్పుడు నా మొగం చూసినాడు. నా కండ్లు ఎట్లా ఉన్నాయో నాకు తెలీదు.

"వస్తాదిలేమ్మా. ఏమి కథ?"

కథ చెప్పినాను. గడప సంగతి కూడా చెప్పినాను.

"పొద్దున ఏడుకు రా. మా ఊరి బస్సు ఆరున్నరకల్లా వస్తాది. కాలేజీలో జావా సీడీ ఉంటే తీసుకురా. ఆ పుస్తకం మటుకు ఈడ పెట్టిపో, ఒకసారి తిరగేసుకోవాల. నేర్చుకోని శానా దినాలాయ," అన్నాడు. పాఠం చెప్పేవాడికి పుస్తకమెందుకో నాకు తట్టలేదు. ఆ దినం నుంచి పుస్తకం ఆయన దగ్గరే ఉండిపోయింది, నాకు నిశ్చింతగా నిద్ర పట్టింది.

అట్లా మొదలైంది. పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా స్వామి దగ్గర పాఠం, ఎనిమిది గంటల బస్సులో దాన్ని నంద్యాల దాకా నెమరేసుకోవడం, పదిన్నరకు పిల్లోళ్ళ ముందర నిలబడి పుట్టుకతోనే జావా వచ్చినదాని మాదిరి చెప్పడం. మొదటి దినం స్వామి కంప్యూటర్‌లో ఒక ఖాళీ పెండ్లి పత్రిక తెరిచి చూపించినాడు. వరుడు అని ఉంది, పక్కన పేరు లేదు. వధువు, ముహూర్తం, స్థలం, అన్నీ ఖాళీ. "ఇది క్లాసు. ఏమేముండాల్నో దీంట్లో ఉంటాది, మనుషులుండరు. ఖాళీ పత్రిక చూసి ఎవురన్నా పెండ్లికి పోతారా? పోరు. దీంట్లో పేర్లు పడితే అది ఆబ్జెక్టు. ఒకే ఖాళీ పత్రికతో నూరు పెండ్లిండ్లు చెయ్యొచ్చు, ఒక పెండ్లిలో ముహూర్తం తప్పు పడితే ఇంకో పెండ్లికి ఏమీ కాదు." నేను ఆ ముక్క పిల్లోళ్ళకు చెబితే ఎవరూ మల్ల అడగలేదు. ఇన్నేండ్లలో క్లాసు గురించి అంతకంటే బాగా చెప్పిన పుస్తకం నేను చూడలేదు.

ఇంకో పొద్దు నేను రాసిన ప్రోగ్రాము నడవకుండా ఎర్రటి అక్షరాలు చూపించింది. వస్తువుకు పేరు పెట్టినాను గానీ, న్యూ అనే మాట రాసి ఆ వస్తువును పుట్టించలేదు. స్వామి కండ్లద్దాలు పైకి తోసుకుని, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నాడు. నేను న్యూ రాసినాను, ప్రోగ్రాము నడిచింది.

ప్రతిఫలం ఏమీ తీసుకోనన్నాడు. జేజి ఊరుకునే మనిషి కాదు. వండినవి మా ఇంటి నుంచి తినడని తెలుసు, పచ్చివైతే తప్పు లేదని కరివేపాకు, నిమ్మకాయలు, చేను పచ్చగా ఉన్నన్నాళ్ళు కాయలతో సహా పీకిన శనగ మొక్కల కట్ట, ఏదో ఒకటి నా చేతికిచ్చి పంపేది. స్వామి ఆ కట్ట కంప్యూటర్ పక్కన పెట్టుకోని, పాఠం చెప్తా చెప్తా పచ్చి శనగలు ఒలుచుకోని తినేవాడు. వేళ్ళకు అంటుకున్న శనగ మొక్క పులుపు కీబోర్డుకు కూడా అంటేది. బదులుగా నాకు అడ్డాకులో పులిహోర. నంద్యాల బస్సులో అది తింటాంటే పక్క సీటు వాళ్ళు ఏ గుడిలో ప్రసాదం అని అడిగేవాళ్ళు.

ఒకటే చిక్కు. అప్పుడప్పుడూ ఉన్నట్టుండి, "ఇయ్యాల గుడిలో నాది వంతు, పాఠం రేపు," అనేవాడు. నాకు తిక్కలేసేది. ఆ దినం పిల్లోళ్ళకు పాత పాఠమే అటు తిప్పి ఇటు తిప్పి చెప్పాల్సొచ్చేది. దేవుని పని కదా, ఏమంటాం.

మూడు నెలలకు నాకు కొంచెం పొగరొచ్చింది. అసలు సంగతి అక్కడే జరిగింది. మన సీమ పిల్లోళ్ళకు మన స్వామితోనే చెబుదామని, అహోబిలం కొండల్లో తొమ్మిది గుళ్ళలో ఉండే నవ నరసింహులను ప్రోగ్రాములో రాసినాను. నరసింహ అని ఒక క్లాసు. న్యూ, న్యూ అని తొమ్మిదిసార్లు రాసి తొమ్మిది స్వాములను పుట్టించినాను, జ్వాలా నరసింహుడు, మాలోలుడు, అట్లా తొమ్మిది పేర్లు. ప్రతి స్వామికీ అభిషేకం జరిగిందా లేదా అని ఒక గుర్తు. నల్లబల్ల మీద చూసుకోని నాకే ముచ్చటేసింది. రెండో వరసలో మద్దమ్మ అనే అమ్మాయి లేచింది. వాళ్ళ నాయన అహోబిలంలో యాత్రికులకు జీపు తోలేవాడు. "మేడం, జ్వాలా నరసింహస్వామికి అభిషేకం అయిందని రాస్తే మాలోల స్వామికి కూడా అయినట్లేనా?"

నేను క్షణం ఆలోచన చెయ్యలేదు. జేజి చిన్నప్పటి నుంచి చెప్పిన మాట అది, తొమ్మిది చోట్లా ఉండేది ఒక్క స్వామే, ఒకచోట దండం పెడితే తొమ్మిది చోట్లా ముట్టుతాది. "అయినట్లేనమ్మా," అన్నాను. "అట్లయితే మా నాయన జీపు ఎవురెక్కుతారు మేడం? ఒక గుడి చూసి ఇంటికి పోతారు," అనింది. అందరూ నవ్వినారు. నాకు రోషమొచ్చి, ల్యాబుకు పదండి, నడిపించి చూపిస్తా అన్నాను. నడిపించినాను. జ్వాలా నరసింహుని పక్కన ట్రూ అని వచ్చింది. కింద ఎనిమిది స్వాముల పక్కన ఎనిమిది ఫాల్సులు, అంటే కాలేదని. వెనక నుంచి ఎవరో, "స్వామి ఒప్పుకోలే మేడం," అన్నారు. ఎందుకట్లా వచ్చిందో చెప్పమని మద్దమ్మ అడిగింది. గేలి చెయ్యడానికి కాదు, నిజంగానే అడిగింది. ఏదో మిషను తప్పు అని చెప్పి బయటపడినాను. మిషను మీద నెట్టినందుకు ఇప్పటికీ నాకు మొగం చెల్లదు.

ఆ మాట సాయంత్రానికి ప్రిన్సిపల్ సారు చెవిలో పడింది. ఆయన చెడ్డమనిషి కాదు, పిల్లోళ్ళ పరీక్షలు దగ్గరకొస్తాన్నాయని ఆయన భయం ఆయనది. "సోమవారం నేనే వచ్చి వెనక బెంచీలో కూచుంటానమ్మా. పిల్లోళ్ళు అడిగినదానికి జవాబు చెప్పు. చెప్పలేనంటే నీ తప్పేం లేదు, వేరేవాళ్ళను చూసుకుంటాం," అన్నాడు. మెత్తగానే అన్నాడు. నాకు మటుకు మా ఇంటి గడప కండ్ల ముందర కనపడింది.

మరుసటి దినం శుక్రవారం. ఏడు కాకముందే అంగడి ముందర నిలబడినాను. స్వామి అంతా విన్నాడు. ఎనిమిది ఫాల్సులు అంటే కండ్లద్దాలు తీసి పైపంచెతో శానా సేపు తుడిచినాడు. "ఇయ్యాలా రేపూ గుడిలో నాది వంతు, అమ్మాయ్. ఆదివారం రా." సోమవారం నా ఉద్యోగం పోతాది స్వామీ, రొంత ఇప్పుడే చెప్పండి అని బతిమాలినాను. "ఆదివారం రా," అని మల్ల అదే మాట చెప్పి, తెరిచిన షట్టరు అట్లే కిందికి లాగేసినాడు. మోచేతికి బెల్లం పెట్టి అరచెయ్యి నాకించినట్లు, ఇన్ని దినాలు చెప్పి ఇప్పుడు గుడి గుర్తొచ్చిందా అని మనసులో తిట్టుకున్నాను. దేవున్ని కూడా కలిపి తిట్టినాను.

సాయంత్రం కాలేజీ నుంచి ఇంటికొచ్చి జేజి ఒళ్ళో తల పెట్టి ఏడ్చినాను. జేజి కాసేపు వీపు నిమిరి, "ఏడిస్తే వస్తాదా ఆ విద్య? లెయ్, చేనుకు పోదాం. ఆదివారం స్వామికి ఇచ్చేదానికి ఏమన్నా చూడాల గదా," అనింది. చేనులో పచ్చి మొక్కలు ఇంగ నాలుగు దినాలైతే ఎండుకొస్తాయి. ఇద్దరం మంచి కాపున్నవి ఏరి పీకినాం. రాత్రి అన్నం దగ్గర నాయన తల ఎత్తకుండా, "సోమవారం ఏదో ఉందంట," అన్నాడు. జేజి చెప్పిందో, నా మొగమే చెప్పిందో. "ఊ," అన్నాను. "ఊ," అని ఆయన చెయ్యి కడుక్కోని పోయినాడు. వద్దు అనలేదు.

ఆదివారం స్వామి నా కంటే ముందే వచ్చి కూర్చున్నాడు. కండ్లు ఎర్రగా ఉన్నాయి, పంచె అంచుకు దుమ్ము. గుడిలో నిద్ర లేదేమో అనుకున్నాను. శనగ కట్ట తీసి పక్కన పెట్టుకోని, కంప్యూటర్ తెరవకుండానే మొదలుపెట్టినాడు.

"మీ ఇంట్లో ఓబులేసులు ఎంతమంది?"

"ముగ్గురు స్వామీ."

"ఒక ఓబులేసుకు అన్నం పెడితే ఇంకో ఓబులేసు కడుపు నిండుతాదా?"

"ఎట్ల నిండుతాది? ఎవరి కడుపు వాళ్ళదే."

"మీ జేజిని ఎవురెవురు ఏమని పిలుస్తారు?"

"నాయన అమ్మా అంటాడు. నేను జేజీ అంటా. వీధిలో అంతా పెద్దమ్మ అంటారు."

"మీ నాయన అమ్మా అని పిలిచి నీళ్ళిచ్చినాడు. వీధిలోవాళ్ళు చూసి, పెద్దమ్మకు దప్పిక తీరలేదు అంటారా?"

"ఏం మాట స్వామీ, ముగ్గురూ ఒకటే గదా," అని ఆగిపోయినాను. స్వామి నా మొగంలోకి చూస్తా కూర్చున్నాడు, తొందరపెట్టలేదు.

"న్యూ అని ఎన్నిసార్లు రాస్తే అంతమంది ఓబులేసులు," అన్నాడు అప్పుడు. "న్యూ లేకుండా, ఈక్వల్ గుర్తు పెట్టి పాత పేరుకు కొత్త పేరు కలిపితే, అది జేజికి ఇంకో పిలుపు. నువ్వు ఓబులేసులను పుట్టించి జేజి అనుకున్యావు. అంతే నీ తప్పు, మిషనుది కాదు." నేను కూర్చుని మాలోలుని దగ్గర న్యూ తీసేసి, జ్వాలా నరసింహునికి ఈక్వల్ పెట్టినాను. ఒకరికి అభిషేకం చేస్తే ఇద్దరి పక్కనా ట్రూ అని వచ్చింది. ఎందుకో నాకు ఒళ్ళు జలదరించింది. "మరి నిజం స్వామి సంగతేంది? తొమ్మిది న్యూలా, ఒకటేనా?" అని అడిగినాను. స్వామి ఒక శనగకాయ ఒలుచుకున్నాడు. "అది మా తాతలు కూడా తేల్చలేదు. జావాలో మటుకు నువ్వెట్లా రాస్తే అట్లా."

సోమవారం ప్రిన్సిపల్ సారు వెనక బెంచీలో కూర్చున్నాడు. "పోయిన వారం నేను చెప్పింది తప్పు. మిషను తప్పు అన్నది అంతకంటే పెద్ద తప్పు," అని మొదలుపెట్టి, ముగ్గురు ఓబులేసులనూ మా జేజినీ నల్లబల్ల మీదికి తెచ్చినాను. క్లాసులో నలుగురు ఓబులేసులున్నారు, ఒకర్ని చూసి ఒకరు నవ్వుకున్నారు. మద్దమ్మ లేచి, "అయితే మీరు రాసినట్లు చూస్తే తొమ్మిది గుళ్ళకూ పోవాల్సిందే, మా నాయన జీపు నడుస్తాది మేడం," అని కూర్చునింది. గంట కొట్టినాక ప్రిన్సిపల్ సారు నా దగ్గరకొచ్చి, "నాకేం అర్థం కాలేదమ్మా. పిల్లోళ్ళకు అర్థమైనట్లుంది. పో, పన్జూసుకో," అన్నాడు. ఆ సాయంత్రం నాయన అరుగు మీద పేపరు చదువుతా నేను గడప దాటేటప్పుడు కాళ్ళు పక్కకు తీసుకున్నాడు. అంతే. ఆ తర్వాత ఆ గడప గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు యాభై దగ్గరపడింది. నంద్యాలలోనే ఇంకో కాలేజీలో కంప్యూటర్ విభాగం నాదే. జేజి లేదు, నాయన లేడు. పత్తికట్టె పొగ వాసన ఎక్కడన్నా తగిలితే ఇప్పటికీ చీర కొంగు ముక్కు దగ్గర పెట్టుకోని మూచూస్తాను. మా పిల్లోళ్ళు ఫోనులోనే జావా నేర్చుకుంటారు. సందేహం అడిగితే ఆ ఫోనే నిమిషంలో జవాబు రాసిస్తాది, దానికి గుడి లేదు, వంతు లేదు, ఆదివారం రమ్మని చెప్పదు. మంచిదే, నేనేమీ వద్దనను. మాకు అట్లాంటిది ఉంటే నేను శుక్రవారం దేవున్ని తిట్టే పని ఉండేది కాదు. కానీ అడిగిన మనిషి మొగం చూసి, వాళ్ళ ఇంట్లో ఓబులేసులు ఎంతమందో తెలుసుకోని చెప్పే జవాబు నాకు దొరికింది, ఎంత అదృష్టమో అప్పుడు తెలీలేదు.

అహోబిలం నుంచి తిరిగి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తెరిచినాను. ప్రతి కాయితం పైన చిన్నగా రామానుజులకు నమస్కారం, దాని కింద "అమ్మాయి పాఠం". అక్షరాలు వంకరటింకరగా, ఒకచోట ఎగిరి పై వరసలోకి పోయినాయి. స్వామి చేతిరాత నాకు తెలుసు, పెండ్లి పత్రికల కవర్ల మీద రాసిన పేర్లు ముత్యాల మాదిరి ఉండేవి. ఇదేంది ఇట్లుంది అనుకుంటానే ఉన్నాను, బస్సు గుంతలో పడి నా చేతిలో పుస్తకం ఎగిరింది. అప్పుడర్థమైంది. ఇదంతా బస్సులో రాసింది. ఇదే బస్సు, ఇదే దావ, ఆళ్లగడ్డకు వస్తా పోతా రాసింది.

మొదటి కాయితం: "ఓబుల్‌రెడ్డి కూతురు. జావా వస్తాదా అని అడిగింది. కండ్లనిండా నీళ్ళు పెట్టుకోని ఉంది. రాదని ఎట్లా చెప్పేది? వస్తాదని చెప్పినా. పుస్తకం తెచ్చుకున్నా. రేపటికి మొదటి పాఠం నేర్చుకోవాల." తర్వాతి కాయితం నుంచి పాఠాలు. పుస్తకంలోని ఇంగ్లీషును తెలుగులోకి తిప్పుకోని, కొట్టేసి, మల్ల రాసుకోని, నాకు చెప్పిన మాటలన్నీ అక్కడ తప్పులతో సహా ఉన్నాయి. నేను పిల్లోళ్ళ కంటే ఒక పాఠం ముందుండేదాన్ని. ఆయన నాకంటే ఒక పాఠం ముందుండేవాడు, అంతే.

శుక్రవారం నాటి కాయితం చూసేసరికి నాకు అక్షరాలు ఆనలేదు. కొంగుతో కండ్లు తుడుచుకోని చదివినాను. "ఎనిమిది ఫాల్సు. నాకూ అర్థం కాలే. గుడిలో వంతు లేదు, ఉందని చెప్పినా. ఇది మూడోసారి. స్వామీ, నీ పేరు చెప్పి అబద్ధమాడినా, మన్నించు." దాని కింద శనివారం: "కర్నూలు పోయినా. ఇంజనీరింగ్ కాలేజీ గేటు దగ్గర నిలబడినా. లోపలికి పంపలే. సాయంత్రం బయటికొచ్చిన ఒక సారును పట్టుకోని అడిగినా. ఆయన బస్సెక్కేలోపల చెప్పినాడు. ఒకే మనిషికి రెండు పేర్లు, అంతే. అమ్మాయికి వాళ్ళ జేజితో చెప్పాల." ఇంకో వరస, ఆదివారం: "అర్థమైంది. నాకు కూడా చెప్తాంటేనే అర్థమైంది."

నామం పెట్టుకున్న యాభై ఏండ్ల అర్చకుడు ఆ ఎండలో గేటు బయట నిలబడి, పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ ఎనిమిది ఫాల్సులు ఎందుకొస్తాయప్పా అని అడిగినాడు. ఆ పొద్దు నేను ఇంట్లో ఆయన్ను తిడతా కూర్చున్నాను. ఇప్పుడు చెప్పుకునేదానికి ఆయన లేడు. బస్సులో అందరి ముందరా ఏడ్చినాను, పక్కనున్న ముసలామె ఏమైందమ్మా అంటే మా సారు పోయినాడని చెప్పినాను.

ఆళ్లగడ్డ ఇంకా రాలేదు. సంచిలో నుంచి పెన్ను తీసి, ఆ ఆదివారం వరస కింద రాసినాను: "స్వామీ, ఆ పాఠం ఇప్పటికీ జేజితోనే చెప్తాండా. అందరికీ అర్థమైతాంది." బస్సు గుంతల మీద పోతాండె. నా అక్షరాలు కూడా ఆయన అక్షరాలు ఎగిరినట్లే ఎగిరినాయి.